చెక్కు అడుగు వరుస: అపోహలు – వాస్తవాలు

అపోహ: చెక్కు అడుగున తెల్లటి పట్టీలో ఉండే నల్లటి అంకెల్లో మన ఖాతా వివరాలన్నీ రహస్యంగా దాగి ఉంటాయి.

వాస్తవం: దాగి ఉన్నదేమీ లేదు. మొదటి ఆరంకెలు చెక్కు నంబరు. తర్వాతి తొమ్మిదీ ఎంఐసీఆర్ కోడ్: మూడు ఊరివి, మూడు బ్యాంకువి, మూడు శాఖవి. ఊరి అంకెలు పిన్‌కోడ్ నుంచి వచ్చినవే. అందుకే హైదరాబాద్ చెక్కు మీద 500, విజయవాడ చెక్కు మీద 520 కనిపిస్తాయి. స్టేట్ బ్యాంకుది 002. ఆపైన ఉండే ఆరంకెలు ఖాతాకు సంబంధించినవే అయినా పూర్తి ఖాతా నంబరు కాదు. చివరి రెండూ ఖాతా, చెక్కు రకాన్ని చెబుతాయి. ఖాతాలో ఎంత ఉందో, ఎవరు సంతకం చేయాలో ఈ వరుసలో ఎక్కడా లేదు.

అపోహ: ఎంఐసీఆర్, ఐఎఫ్ఎస్‌సీ రెండూ ఒకటే.

వాస్తవం: కాదు. ఐఎఫ్ఎస్‌సీకి పదకొండు అక్షరాలు, అంకెలు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు కావలసింది అది.

అపోహ: అయస్కాంతం దగ్గర పెడితే చెక్కు పాడైపోతుంది.

వాస్తవం: అడుగు అంకెల సిరాలో ఐరన్ ఆక్సైడ్ ఉన్నమాట నిజమే. అయితే చెక్కును చదివే యంత్రం ముందుగా ఆ సిరాను తానే అయస్కాంతీకరించి, ఆ తర్వాతే చదువుతుంది. ఒక్కో అంకె నుంచి ఒక్కో తీరు విద్యుత్ తరంగం పుడుతుంది. ఏ రెండు తరంగాలూ కలగాపులగం కాకూడదనే ఈ–13బీ అనే ఫాంటులోని ఆ అంకెలకు అలాంటి వింత ఆకారాలిచ్చారు. భయపడాల్సింది అయస్కాంతానికి కాదు, మడతకూ స్టాప్లర్ పిన్నుకూ.

అపోహ: మనమిచ్చిన చెక్కు తిరిగి తిరిగి మన శాఖకే చేరుతుంది.

వాస్తవం: ఒకప్పుడు చేరేది. 2008లో ఢిల్లీలో మొదలైన చెక్ ట్రంకేషన్ పద్ధతిలో కాగితం జమ చేసిన బ్యాంకులోనే ఆగిపోతుంది. దాని ఫొటో, అడుగు వరుస సమాచారం మాత్రమే మన బ్యాంకుకు వెళ్తాయి.

అపోహ: యంత్రం చదివిందంటే చెక్కు అసలైనదే.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఆ వరుస చెక్కు ఎక్కడికి వెళ్లాలో చెబుతుందే తప్ప, నిజమైనదో కాదో చెప్పదు. దానికి వాటర్‌మార్కు, సంతకం చూడాలి. 2021 జనవరి 1 నుంచి పాజిటివ్ పే కూడా ఉంది: రూ.50,000, ఆపై మొత్తానికి చెక్కు ఇచ్చినప్పుడు దాని నంబరు, తేదీ, ఎవరి పేరున, ఎంత అన్నది మనమే ముందుగా బ్యాంకుకు తెలపవచ్చు. వాట్సాప్‌లో చెక్కు ఫొటో పంపాల్సి వస్తే, అడుగు అంకెలకంటే ముందు కప్పిపెట్టాల్సింది సంతకాన్ని.