ఆసుపత్రి చెత్త: కలియనీయకుండుటే తగ్గించుట

రామగుండము, గోదావరిఖని ప్రాంతమున ఆసుపత్రులకు కొఱత లేదు. సింగరేణి సంస్థ తన కార్మికులకును, వారి కుటుంబములకును నడుపు ఏరియా ఆసుపత్రి ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రి మరియొకటి. 2022లో రామగుండమున ప్రభుత్వ వైద్య కళాశాల కూడ ప్రారంభమైనది. అంతర్గాం, పాలకుర్తి, కమాన్‌పూర్, రామగిరి మండలముల గ్రామస్థులు వైద్యమునకు ఇచ్చటికే వచ్చుచుందురు. వైద్యము పెరిగినకొలది దాని వలన మిగులు చెత్తయు పెరుగును. అందులో అంటు చెత్తను తగ్గించుట యెట్లు, పంచాయతీలు చేయవలసినదేమి యను విషయములను మేమిచ్చట వివరింపదలచితిమి.

ఆసుపత్రి చెత్త యంతయు విషమని తలచువారు కలరు. అది నిజము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము అందు నూటికి సుమారు 85 పాళ్లు మన యిండ్ల చెత్త వంటిదే: మెతుకులు, కాగితములు, మందుల అట్టపెట్టెలు. ప్రమాదకరమైనది 15 పాళ్లు మాత్రమే. కాని నెత్తురంటిన దూది ముద్ద యొక్కటి అట్టపెట్టెల బుట్టలో పడినచో బుట్టెడు చెత్తయు అంటు చెత్తయే యగును. కనుక తగ్గించుట యనగా ముఖ్యముగా కలియనీయకుండుటయే. బొగ్గుబావిలో దిగువారివద్ద బీడీ, అగ్గిపెట్టె కలవేమోయని దిగకమునుపే సోదా చేయుదురు గదా! ఈ జాగ్రత్తయు నట్టిదే. చెత్త పుట్టినచోటనే తీసికొనవలెను.

ఇందులకై భారత ప్రభుత్వము 1998లో నిబంధనలు చేసి, 2016లో వాని స్థానమున క్రొత్తవి తెచ్చినది. నెత్తురు కట్లు, దేహ భాగములు పసుపు సంచిలో వేయవలెను; అవి కొలిమిలో దహింపబడును. సెలైన్ గొట్టములు, చేతితొడుగులు, సూది తీసిన సిరంజులు ఎఱ్ఱ సంచికి చెందును. వీనిని కాల్చరాదు, క్లోరిన్ గల ప్లాస్టిక్కు కాలినచో డయాక్సిన్లను విషవాయువులు వెలువడును. ఆవిరితో శుద్ధిచేసి ముక్కలు గావించి తిరిగి వాడుకొందురు. సూదులకు, బ్లేడులకు గ్రుచ్చుకొని చిల్లిపడని తెల్ల డబ్బా, గాజు సీసాలకు నీలపు పెట్టె. 48 గంటలు మించకుండ ఇవి ఉమ్మడి శుద్ధి కేంద్రమునకు చేరవలెను.

అన్నింటిలో సూదియే గడ్డు శత్రువు. రోగికి వాడిన సూది గ్రుచ్చుకొన్నచో, టీకా లేనివారికి హెపటైటిస్ బి సోకు అవకాశము నూటికి 30 వరకు ఉండునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది, హెచ్.ఐ.వి. విషయమున అది 0.3 మాత్రమే. జనులు దేనికి ఎక్కువ భయపడుచున్నారో, దేనికి భయపడవలెనో చూడుడు! 2009లో గుజరాతులోని మొడాసా ప్రాంతమున వాడిన సిరంజులనే మరల వాడుటచే హెపటైటిస్ బి వ్యాపించి పలువురు మరణించిరి. ప్రభుత్వ టీకాల కార్యక్రమమున 2005 నుండి ఒక్కసారి వాడగనే పనికిరాకుండపోవు సిరంజులు ప్రవేశపెట్టబడినవి. సూదికి మరల మూత తొడుగరాదు; వాడిన వెంటనే కోత యంత్రముతో త్రుంచవలెను.

ఇక గ్రామము సంగతి. ఈ నిబంధనలు పెద్ద ఆసుపత్రులకే కాదు. ఉపకేంద్రమునకు, చిన్న క్లినిక్కునకు, పశువైద్యశాలకు, ఒక్కనాటి వైద్య శిబిరమునకు కూడ వర్తించును. ఊరిలో సూదులు వేయువారెవరు, ఆ సూదులు సాయంత్రమునకు ఎచ్చటికి పోవుచున్నవి యని సభ్యులు విచారించి తెలిసికొనవలెను. అవి పంచాయతీ ట్రాక్టరులోనికే పోవుచున్నచో ఆ చెత్తను నెత్తువాడు మన పారిశుద్ధ్య కార్మికుడే. రంగు సంచులను, నెత్తుటి గుడ్డలను ట్రాక్టరులో వేసికొనరాదని తీర్మానించి, వినని క్లినిక్కును గూర్చి జిల్లా వైద్యాధికారికిని, కాలుష్య నియంత్రణ మండలికిని వ్రాయవచ్చును. కార్మికులకు మందపు చేతితొడుగులు, బూట్లు ఇచ్చుటయేగాక హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులును వేయింపవలెను. ఖర్చు స్వల్పము, వాయిదా వేయుటకు కారణము కనబడదు.

సూది వేయనిదే జ్వరము తగ్గదను నమ్మకము పల్లెలలో నింకను పోలేదు. మాత్రతో నయమగు రోగమునకు సూది యడుగకుండుట కూడ చెత్తను తగ్గించుటయే. మధుమేహమునకు ఇంటివద్ద ఇన్సులిన్ తీసికొనువారు వాడిన సూదులను మందపు ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి యుంచవలెను. నిండిన సీసాలను ఏ ఉపకేంద్రము స్వీకరించునో పంచాయతీ ముందుగా మాట్లాడి, ఆశా కార్యకర్త ద్వారా ఇంటింటికి తెలియజేయవలెను.