సమాంతర గణనం: కేశవ్ పింగళి పరిశోధన

అణువుల కదలికలను కంప్యూటరుతో గణించే మావంటి రసాయన శాస్త్రజ్ఞులకు వేయి ప్రాసెసర్లు సమకూరినంత మాత్రాన ఫలితం వేయి రెట్లు వేగంగా రాదు. పనిని వాటికి పంచిపెట్టేదెవరు? మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరే ఆ పంపకమూ చేయగలిగితే ఎంత బాగుండును! ఈ దిశగా దశాబ్దాలపాటు కృషి చేసిన ప్రముఖులలో ఆచార్య కేశవ్ పింగళి ఒకరు. ఇంటిపేరు మాత్రం, సూరన కవినీ వెంకయ్యగారినీ ఎరిగిన మన పాఠకులకు కొత్త కాదు.

కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, ఎం.ఐ.టి.లో ఆచార్య అరవింద్ పర్యవేక్షణలో 1986లో డాక్టరేటు పొంది, ఆ యేడే కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1989లో ఆన్ రోజర్స్‌తో కలిసి ప్రకటించిన పత్రంలోని సూత్రం వినడానికి సరళమే: దత్తాంశం ఏ ప్రాసెసరు వద్ద ఉన్నదో, దానికి చెందిన గణన ఆ ప్రాసెసరే చేయాలి. మాత్రికల లెక్కలకు ఈ పద్ధతి చక్కగా అమరుతుంది. బంతి భోజనాలలో ఎవరు ఏ వరుసకు వడ్డించాలో ముందే నిర్ణయించవచ్చును గదా!

అయితే అన్ని లెక్కలూ బంతులు తీరి కూర్చోవు. ఒక ఉపరితలాన్ని త్రిభుజాలుగా విభజించి, వికారంగా ఉన్నవాటిని సరిచేయడమే తీసుకోండి. ఒక త్రిభుజాన్ని దిద్దితే చుట్టుపక్కలవీ మారతాయి. కొత్త వికారాలూ పుట్టవచ్చు. పెద్ద వాకిట్లో ముగ్గు దిద్దుతున్న ఇద్దరు దూరదూరంగా ఉంటే చిక్కు లేదు, చేతులు ఒకే చోటికి వస్తేనే తగవు. ఆ చోటు ఏదో దత్తాంశం చూస్తే గాని తెలియదు. ప్రోగ్రామును మాత్రమే చదివే కంపైలరు, ఎంత తెలివైనదైనా, ఇక్కడ నిస్సహాయం.

2005 ప్రాంతంలో ప్రాసెసర్ల వేగం పెరగడం దాదాపు ఆగి, ఒక్కో చిప్పులో పలు ప్రాసెసర్లు అమర్చడం మొదలవడంతో ఈ చిక్కు అందరిదీ అయింది. 2006లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి తరలివెళ్లిన పింగళి, అప్పటికే తమకు పేరు తెచ్చిన మాత్రికల రంగాన్ని దాటి ఈ సమస్యపై దృష్టి సారించారు. నడివయసులో అది తేలిక కాదని ప్రయోగశాలలో పనిచేసే వారెవరైనా ఒప్పుకొంటారు. 2007లో వెలువడిన గాల్వా పద్ధతి సాహసంతో కూడినది. పనులను ముందు ఏకకాలంలో సాగనిస్తుంది. రెండు పనులు ఒకే చోట తారసపడితే ఒకదానిని వెనక్కి తీసి మళ్ళీ చేయిస్తుంది. ఘర్షణలు తరచైతే ఈ వెనకడుగుల ఖర్చు లాభాన్ని మింగివేస్తుంది. అందువల్ల ఏ రకపు సమస్యలో ఎంత సమాంతరత దాగి ఉన్నదో వర్గీకరించడం అవసరమైంది. 2011 నాటి పత్రంలో వారి బృందం ఆ పని చేసింది.

2023లో వారికి కెన్ కెనెడీ పురస్కారం లభించింది. రైస్ విశ్వవిద్యాలయంలో సమాంతర కంపైలర్లకే జీవితాన్ని అంకితం చేసిన కెనెడీ పేరిట ఇచ్చే బహుమతి అది. నావంటివాడికి అంతకన్న నచ్చినది శ్రమ విభజన: సమస్యను వరుసక్రమంలో రాసుకోవడం మా వంతు, ఘర్షణలను కనిపెట్టి తీర్చడం నిపుణులు నిర్మించిన లైబ్రరీ వంతు.