కమాను పట్టీల మన్నిక

తుర్కయాంజాల్ మీదుగా సాగర్ రహదారిపై కూరగాయల బండి నగరమునకు పోవుచుండగా కమాను పట్టీ విరిగినచో సరకు వాడును, ఆనాటి ధర చేజారును.

19వ శతాబ్దమున జర్మను ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులను పరీక్షించి, ఒక్కమారు సులువుగా మోయు బరువే లక్షలమార్లు పడినచో ఉక్కు విరుగునని నిరూపించెను. నేడు కమానులను యంత్రముపై వేలమార్లు వంచి చూతురు. పగులు తరచుగా సాగెడి ముఖమున, తుప్పుగుంటవద్దనో గీతవద్దనో పుట్టును. కావున ఆ ముఖముపై సన్నని ఉక్కుగుండ్లను వేగముగా కొట్టి మన్నిక పెంచుదురు.

రైతు సోదరులారా! మితిమించి బరువు వేయకుడు. యూ బోల్టులు వదులైనచో బిగింపుడు. నడిమి రంధ్రమువద్ద పగులు కలదేమో నెలకొకమారు చూడుడు. పగిలిన పట్టీని వెల్డింగుతో అతికింపకుడు. వేడికి పదును చెడును. క్రొత్తది వేయించుడు, త్రోవలో నిలిచిన బండికన్న అదియే చవుక.