నొప్పి మాత్రలు - మూత్రపిండములు : ఉద్దానము నేర్పు పాఠము

మానవుని బాధలలో నొప్పి ముందు వరుసలోనిది. దానిని తక్షణమే తొలగించు ఉపాయము చేతికందినపుడు, ఆ ఉపాయము యొక్క గుణదోషములను విచారించు ఓపిక సామాన్యముగా ఎవరికిని ఉండదు. మందుల షాపులో కొద్ది రూపాయలకే దొరకు నొప్పి బిళ్ళ అట్టి ఉపాయములలో ఒకటి. ఇది సద్వినియోగమైనచో మేలు చేయును. విచ్చలవిడిగా వాడినచో తెలియకుండనే దేహమును గుల్ల చేయును. రెండు మూడు మందులను ఒకే బిళ్ళలో కూర్చిన సంయుక్త నొప్పి మాత్రలను గూర్చి, వానిని క్షేమముగా వాడు విధమును గూర్చి, ఈ వ్యాసమున సంగ్రహముగా తెలుపదలచితిమి.

ఉద్దానము కథ

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలముల తీరప్రాంతమును ఉద్దానమందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కన్నుల పండువుగానుండు సీమ యిది. ఇచ్చటి ప్రజలు శ్రమజీవులు. కొబ్బరిచెట్లెక్కువారు, సముద్రమున వేటకు పోవువారు, పలాస జీడిపప్పు కర్మాగారములలో గంటల తరబడి కూర్చుండి పిక్కలు కొట్టు స్త్రీలు, అందరును ఒంటినొప్పులెరిగినవారే. ఇట్టి సీమను దశాబ్దముల నుండి మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనమున, పరీక్షింపబడిన 2,210 మందిలో సుమారు 18 శాతమునకు దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కలదని తేలినది. వారిలో అధిక సంఖ్యాకులకు ఈ వ్యాధికి సాధారణ కారణములైన మధుమేహముగాని, అధిక రక్తపోటుగాని కానరాలేదు.

శ్రీలంకలోని ఉత్తర మధ్య రాష్ట్రమునందలి వరి రైతులలోను, మధ్య అమెరికాలోని చెరకు తోటల కూలీలలోను ఇట్టి వ్యాధియే కలదు. త్రాగునీటిలోని లవణములు, ఎండవేడిమి, దేహమున నీటి కొరత, పురుగుమందులు, వంశపారంపర్యము మున్నగు పెక్కు కారణములను శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. నొప్పి మాత్రల వాడుకయు అందులో ఒకటి. ఏ ఒక్కటియు ఏకైక కారణముగా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాస యందు 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, హిరమండలం జలాశయము నుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకమును ప్రారంభించిరి.

కారణము నిర్ధారణ కానపుడు నొప్పి మాత్రలను నిందించుట న్యాయమా యని కొందరడుగవచ్చును. మేము నిందించుట లేదు. ఉద్దానమున ఈ వ్యాధిని పుట్టించినది ఈ మాత్రలేయని చెప్పుటకు ఆధారము చాలదు. కాని ఇదివరకే దెబ్బతిన్న మూత్రపిండమునకు ఇవి హాని చేయుననుట నిర్వివాదము. ఈ వ్యాధి తొలి దశలో ఏ బాధయు చూపదు. కనుక ఎవరి మూత్రపిండములు చెడినవో ఎవరికిని తెలియని సీమలో ప్రతివారును జాగ్రత్త వహింపవలసినదే. నీరు, ఎండ, వంశము మన స్వాధీనమున లేవు. నోటిలో వేసికొను మాత్ర మన స్వాధీనములోనిది.

బిళ్ళలో ఏమున్నది?

మన ప్రాంతమున విరివిగా వాడబడు సంయుక్త మాత్రలలో సామాన్యముగా అసెక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు, పారసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉండును. కొన్నింటిలో మూడవదిగా సెర్రాషియోపెప్టిడేజ్‌గాని, కండరముల బిగువును సడలించు మందుగాని చేర్చుదురు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మున్నగువానితో కూర్చిన మాత్రలును కలవు. పారసిటమాల్ జ్వరమును, నొప్పిని తగ్గించును. అసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వాపును కూడ తగ్గించును. అసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ షెడ్యూలు హెచ్‌లోని మందులు. అనగా వైద్యుని చీటి లేనిదే అమ్మరాదు.

ఇట్టి మాత్రలతో వచ్చు మొదటి చిక్కు పేర్లలో ఉన్నది. ఒకే మందు పదుల కొలది వ్యాపార నామములతో అమ్ముడుపోవును. నడుమునొప్పికి ఒక బిళ్ళ, జ్వరమునకు ఇంకొక బిళ్ళ, జలుబునకు మరియొకటి మ్రింగినవాడు, ఆ మూడింటిలోను పారసిటమాలే కలదని ఎరుగడు. పెద్దలకు పారసిటమాల్ దినమునకు 4 గ్రాములు మించరాదు. బక్కపలచనివారికి, మద్యపానము చేయువారికి ఆ హద్దు ఇంకను తక్కువ. హద్దు దాటినచో కాలేయము చెడును.

మూత్రపిండమున జరుగునదేమి?

దేహమున ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములు నొప్పిని, వాపును కలిగించును. ఆస్పిరిన్ వంటి మందులు వీని తయారీని అడ్డుకొనునని 1971లో జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నిరూపించి, 1982లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. అయితే ఈ ప్రోస్టాగ్లాండిన్లు కేవలము శత్రువులు కావు. జీర్ణకోశపు లోపలి పొరను కాపాడునవియు, మూత్రపిండములోనికి పోవు సన్నని రక్తనాళములను తెరచియుంచునవియు ఇవియే.

పొలమునకు నీరు పెట్టు మదుమును తలచుకొందము. కాలువ నిండుగా పారునపుడు మదుము కొంచెము మూసినను చేనుకు నీరందును. కాలువలో నీరు తగ్గినపుడు మదుమును పూర్తిగా తెరచిననే గాని చేను తడవదు. ఎండలో చెమటోడ్చి, నీరు త్రాగక పనిచేసినవాని దేహము నీరు తగ్గిన కాలువ వంటిది. అప్పుడు మూత్రపిండమునకు రక్తమందుటకు ప్రోస్టాగ్లాండిన్లే ఆధారము. సరిగా ఆ వేళకే, ఒళ్ళునొప్పులని మాత్ర మ్రింగినచో మదుము మూసికొనును. మాత్ర యొకటే కాదు, మ్రింగిన సమయమును హానికి కారణమగుట ఇందువలననే. కొన్ని రక్తపోటు మందులు, మూత్రమును ఎక్కువ చేయు మందులు వాడువారికి ఈ ప్రమాదము మరింత అధికము.

చరిత్ర చెప్పు సాక్ష్యము

స్వీడన్ దేశమున హుస్క్‌వార్నా పట్టణములో కర్మాగార కార్మికులు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా తరువాత, ఫెనాసెటిన్, ఫెనజోన్, కెఫీన్ కలిపిన ఒక పొడిని వాడ మొదలిడిరి. పనిచేయు శక్తి పెరుగునను భ్రమతో అది నిత్యపు అలవాటైనది. కాలక్రమమున వారిలో పెక్కుమంది మూత్రపిండములు చెడి మరణించిరి. పెక్కు దేశములు ఫెనాసెటిన్‌ను తొలగించెను. మన దేశము 1983లో నిషేధించెను. పనికి పోవుటకు ముందు బిళ్ళ మ్రింగు అలవాటు గల మన కూలీలకు ఇంతకంటె దగ్గరి హెచ్చరిక లేదు.

రెండవ సాక్ష్యము రాబందులది. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరములను తిని భారత ఉపఖండమున రాబందులు మూత్రపిండములు చెడి లక్షల సంఖ్యలో నశించెను. ఈ సంగతి 2004లో వెల్లడి కాగా, 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను. పశువులలో అసెక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌గా మారునని తెలియుటచే 2023లో దానిని కూడ నిషేధించెను. మనుష్యుడు రాబందువలె సుకుమారుడు కాడు, నిజమే. కాని మందు స్వభావము మారదు గదా! ఇట్లే హేతుబద్ధము కాని సంయుక్త ఔషధములను 2016లో 344, 2024లో 156 నిషేధించిరి.

పాటింపవలసిన నియమములు

1. వైద్యుని చీటి లేక సంయుక్త నొప్పి మాత్రలను కొనరాదు. ఇరుగుపొరుగువారికి పనిచేసిన మందు మనకు పనిచేయునని తలంపరాదు.

2. అట్టపై వ్యాపార నామము క్రింద చిన్న అక్షరములతోనుండు అసలు మందుల పేర్లు చదువవలెను. ఒకే మందు గల రెండు మాత్రలను కలిపి వాడరాదు.

3. వైద్యుడు చెప్పిన మోతాదును, దినములను దాటరాదు. అసెక్లోఫెనాక్ దినమునకు 200 మిల్లీగ్రాములు మించరాదు.

4. ఆహారము తరువాతనే, తగినంత నీటితో మ్రింగవలెను. వాంతులు, విరేచనములు, వడదెబ్బ ఉన్నపుడు అసలే వాడరాదు.

5. మూత్రపిండ వ్యాధి, గుండె జబ్బు, కడుపులో పుండు, ఉబ్బసము, రక్తపోటు కలవారును, గర్భిణులును తమ స్థితిని వైద్యునికి ముందుగా చెప్పవలెను.

6. డెంగ్యూ అనుమానమున్నపుడు పారసిటమాల్ తప్ప తక్కిన నొప్పి మందులు రక్తస్రావమునకు దారితీయవచ్చును.

7. మలము నల్లగా వచ్చుట, మూత్రము తగ్గుట, ముఖము, పాదములు వాచుట, కన్నులు పచ్చబడుట కనిపించినచో మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

రంజాన్ మాసమున మన సోదరులు ఇంకొక సంగతి గమనింపవలెను. ఉపవాస దినమున, అందును వేసవిలో, సాయంకాలమునకు దేహమున నీరు తగ్గియుండును. ఇఫ్తార్ వేళ ఖర్జూరముతో పాటే నొప్పి మాత్ర వేసికొనుట మంచిది కాదు. నీరు త్రాగి, ఆహారము తీసికొనిన తరువాతనే వాడవలెను. మూత్రపిండ వ్యాధి కలవారు ఉపవాసమునకు ముందే వైద్యుని సంప్రదింపవలెను. రోగగ్రస్తులకు ఉపవాసము నుండి సడలింపు కలదని మన మతపెద్దలు చెప్పుచునే యున్నారు.

మన కర్తవ్యము

చదువుకొన్న విద్యార్థి తన యింటిలోని పెద్దలు వాడు మందుల అట్టలను ఒకసారి చదివి చూచినచో, ఈ వ్యాసము యొక్క ప్రయోజనము నెరవేరినట్లే. నడుమునొప్పితో బాధపడు తండ్రికి, మోకాళ్ళనొప్పితో మూల్గు అమ్మమ్మకు మాత్ర మానుమని చెప్పుట సులభము. నొప్పి యేల వచ్చుచున్నదో తెలిసికొనుటకు వారిని వైద్యుని కడకు తీసికొని పోవుటయే అసలైన సేవ. కళాశాల సంఘమువారికి మా విన్నపమొకటి: ఏడాదికొకసారి విద్యార్థులకు, సిబ్బందికి రక్తపోటు, మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ పరీక్షలు జరిపించవలెను. ఇవి పెద్ద ఖర్చు లేని పరీక్షలు. వ్యాధిని తొలి దశలో గుర్తించినచో దాని వేగమును తగ్గింపవచ్చును. ఆలస్యమైనచో డయాలసిస్ వరకు పోవలసి రావచ్చును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి? నొప్పి శరీరము మనకు పంపు కబురు. కబురును విని కారణము వెదకువాడు వివేకి. కబురు తెచ్చినవాని నోరు నొక్కువాడు తన యింటికే కీడు తెచ్చుకొనును.