ఎండాకాలంలో నల్లరేగడి ఎందుకు బీటలు వారుతుంది?

పిల్లలూ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు ఎండాకాలంలో నల్లరేగడి చేలు చూశారా? చెయ్యి దూరేంత బీటలు! వానాకాలంలో జిగటగా కాళ్లకు అంటుకున్న మట్టి ఇప్పుడెందుకు ఇలా పగిలింది?

రాత్రి నానబెట్టిన శనగలు తెల్లారేసరికి ఉబ్బుతాయి, ఎండబెడితే మళ్లీ ముడుచుకుంటాయి. నల్లరేగడిలోని బంకమన్నూ అంతే. దాని రేణువులు పలుచని పొరలుగా ఉంటాయి. వాటి మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది. 40 డిగ్రీలు దాటిన ఎండకు ఆ నీరు ఆవిరైతే మట్టి కుంచించుకుపోయి, ఎక్కడికక్కడ చీలుతుంది.

మరి పెరట్లో వంగమొక్కను కాపాడేదెలా? బీటల మీద బిందెడు నీళ్లు ఒక్కసారే కుమ్మరిస్తే చాలావరకు లోతుకు జారిపోతాయి, వేర్లకు అందేది తక్కువ. అందుకే ముందు పైమట్టిని గుల్లచేసి బీటలు పూడ్చండి. పొద్దువాలాక కొద్దికొద్దిగా నీళ్లు పోయండి. పాదులో వేరుశనగ పొట్టో, ఎండుటాకులో పరిస్తే ఎండ నేరుగా తగలదు, తేమ నిలుస్తుంది. పులివెందుల చీనీతోటల్లో డ్రిప్పు పైపులు కూడా ఇలాగే చెట్టు మొదట్లో చుక్కచుక్కగా తడుపుతాయి.

నీళ్లు పోసేముందు వేలితో మట్టిని గుచ్చి చూడండి. లోపల తడి తగిలితే ఆ రోజుకు నీళ్లు అక్కర్లేదు. మన సీమలో ప్రతి బిందే విలువైనదే!