ఆగస్టు పరుగు, జనవరి పరుగు

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ తెల్లవారుజామున పరుగెత్తేవాళ్లు ఇప్పుడు తక్కువేమీ లేరు. వాళ్లలో హాఫ్ మారథాన్ దాకా వచ్చినవాళ్ల సీజన్ దాదాపు ఒకే వరుసలో సాగుతుంది. ఆగస్టు చివర్లో సొంత ఊళ్లోనే హైదరాబాద్ మారథాన్, చలి మొదలయ్యాక విశాఖ నేవీ మారథాన్, సెలవు దొరికితే జనవరి మూడో ఆదివారం ముంబై. సీజన్ ముగిశాక ఆ టైమ్‌లన్నీ పక్కపక్కన పెట్టుకుని ఎంత మెరుగయ్యామో లెక్కవేసుకోవడం అందరూ చేసే పనే. ఆగస్టులో 2 గంటల 20 నిమిషాలు పట్టిన హాఫ్ జనవరిలో 2 గంటల 10 నిమిషాల్లో పూర్తయిందనుకోండి, ఆ పది నిమిషాలూ కాళ్ల సంపాదనే అని మురిసిపోతాం. మరుసటి ఆగస్టులో మళ్లీ 2 గంటల 18 నిమిషాలు పడితే ఏడాది శ్రమ ఎటు పోయిందని కుంగిపోతాం. ఈ మురిపెమూ ఈ కుంగుబాటూ చాలావరకు తప్పు లెక్క మీద నిలబడ్డవే. మన సీజన్‌లో ఫినిష్ టైమ్ రన్నర్ కాళ్లతో పాటు ఆ పూట గాలినీ కొలుస్తుంది. గాలి వాటా ఎంతో తెలుసుకోకుండా కాళ్ల వాటా తేలదు.

ముందు వేడి సంగతి చూద్దాం. ఒక కిలోమీటరు పరుగెత్తడానికి శరీర బరువులో కిలోకి సుమారు 1 కిలోకాలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి గంటకి 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటకి 600 కిలోకాలరీలు. కండరాలు అందులో నాలుగో వంతుకి మించి పనిగా మార్చలేవు. కనీసం 450 కిలోకాలరీలు ఉత్త వేడిగా మిగులుతాయి. ఆ వేడి బయటికి పోయే దారే లేకపోతే ఆరేడు నిమిషాలకొక డిగ్రీ చొప్పున ఒళ్లు కాగిపోతుంది, అరగంటలో ప్రాణం మీదికి వస్తుంది. అలా కాకుండా కాపాడేది చర్మం. చర్మం నుంచి వేడి ప్రధానంగా రెండు దారుల్లో పోతుంది. గాలి చర్మం కంటే చల్లగా ఉంటే, ఆ తేడా ఎంత ఎక్కువైతే అంత వేడిని గాలే లాక్కుపోతుంది. మిగిలింది చెమట మోయాలి. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 580 కాలరీలు గుప్తోష్ణంగా దానితో పోతాయి. అంటే మొత్తం భారం చెమట మీదే పడితే గంటకి ముప్పావు లీటరుకి పైగా ఆవిరి కావాలి. ఆవిరి కావాలి అన్నది గమనించండి. గడ్డం మీంచి రోడ్డు మీదికి రాలిన చెమట చుక్క శరీరంలోని నీటినీ ఉప్పునీ పట్టుకుపోతుంది తప్ప ఒంటి వేడిని దాదాపు తగ్గించదు.

ఇప్పుడు రెండు ఉదయాలను పోల్చి చూద్దాం. జనవరిలో హైదరాబాద్ తెల్లవారుజామున 15 డిగ్రీల ఉష్ణోగ్రత, 75 శాతం సాపేక్ష ఆర్ద్రత అనుకుందాం. ఆగస్టులో అదే వేళకి 23 డిగ్రీలు, 90 శాతం. పరుగెత్తే మనిషి చర్మం సుమారు 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. చర్మానికీ గాలికీ మధ్య తేడా జనవరిలో 19 డిగ్రీలైతే ఆగస్టులో 11 డిగ్రీలే. మొదటి దారి దాదాపు సగానికి మూసుకుపోయిందన్నమాట. రెండో దారిని శాసించేది ఉష్ణోగ్రత కాదు, బాష్పపీడనాల మధ్య తేడా. తడి చర్మం మీద ఆ పీడనం పాదరస మట్టంలో సుమారు 40 మిల్లీమీటర్లు. జనవరి గాలిలో అది పదికి కాస్త తక్కువ, ఆగస్టు గాలిలో 19. అంటే చెమటను ఆవిరి చేసే తేడా 30 నుంచి 21కి పడిపోయింది. వానాకాలంలో ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉండటం ఈ లెక్క వల్లే. శీతాకాలంలో గాలి ఊరికే మోసుకుపోయిన వేడిలో పెద్ద వాటా ఆగస్టులో చెమట మీద పడుతుంది, సరిగ్గా అప్పుడే చెమట ఆరే శక్తీ తగ్గుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి.

దీనికి ధర చెల్లించేది గుండె. వేడిని చర్మం దాకా చేర్చే వాహనం రక్తం. ఆగస్టులో గుండె కాళ్లకి పంపాల్సిన రక్తంలో కొంత చర్మానికి మళ్లించాలి. చెమటతో రక్తంలోని ద్రవం తగ్గే కొద్దీ ఒక్కో స్పందనకి బయటికి వచ్చే రక్తం తగ్గి, అదే వేగానికి గుండె మరిన్నిసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. పది కిలోమీటర్లు దాటాక పేస్ పెంచకుండానే వాచీలో హార్ట్‌రేట్ ఎగబాకడం ఇందుకే. కాళ్లలో సత్తా తగ్గలేదు, కాళ్లకి అందే వాటా తగ్గింది.

ప్రయోగాలు దీన్ని స్పష్టంగా చూపించాయి. 1997లో గాలోవే, మాన్ అనే శాస్త్రవేత్తలు కొందరిని నాలుగు ఉష్ణోగ్రతల్లో ఒకే తీవ్రతతో, ఇక తొక్కలేమనే దాకా సైకిల్ తొక్కించారు. 11 డిగ్రీల దగ్గర సగటున 93 నిమిషాలు నిలబడ్డారు, 31 డిగ్రీల దగ్గర 52 నిమిషాలు కూడా నిలబడలేదు. 2012లో మాన్ బృందం ఉష్ణోగ్రతను 30 డిగ్రీల దగ్గరే ఉంచి తేమను మాత్రం మార్చింది. 24 శాతం తేమలో సుమారు 68 నిమిషాలు తొక్కినవాళ్లు 80 శాతంలో 46 నిమిషాలకే ఆగిపోయారు. థర్మామీటరు కదల్లేదు, ఓర్పు మాత్రం మూడో వంతు కరిగిపోయింది. రోడ్డు మీది సాక్ష్యమూ ఉంది. పారిస్, లండన్, బెర్లిన్, బోస్టన్, షికాగో, న్యూయార్క్ మారథాన్లలో 2001 నుంచి 2010 దాకా పరుగెత్తిన దాదాపు 18 లక్షల మంది టైమ్‌లను ఒక ఫ్రెంచి బృందం విశ్లేషించి, వాతావరణ అంశాలన్నిట్లో ఉష్ణోగ్రత ప్రభావమే ఎక్కువని తేల్చింది. రన్నర్ స్థాయిని బట్టి అత్యుత్తమ ఉష్ణోగ్రత 4 నుంచి 10 డిగ్రీల మధ్య వచ్చింది. మన చలికాలపు ఉదయాలు కూడా ఆ గీతకి పైనే ఉన్నాయి.

అవన్నీ చలిదేశాల పందేలు, మనం పుట్టింది ఎండలో, మనకి అలవాటే కదా అనే మాట వెంటనే వస్తుంది. ఇందులో నిజం ఉంది. వేడిలో వారం నుంచి రెండు వారాలు క్రమంగా శ్రమిస్తే శరీరం మారుతుంది. రక్తంలోని ప్లాస్మా పెరుగుతుంది, చెమట ముందే మొదలై ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె వేగం తగ్గుతుంది. అయితే ఈ మార్పును తెచ్చేది వేడిలో చేసిన శ్రమ, జన్మస్థలం కాదు. ఏసీ గదిలో పని, ఏసీ గదిలో నిద్ర, ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద సాధన చేసే మనిషికి తెలంగాణలో పుట్టినంత మాత్రాన ఆ రక్షణ రాదు. వచ్చినవాళ్లకి కూడా దానికో హద్దుంది. శరీరం చెమటను పెంచగలదు కానీ గాలిలోని తేమను తగ్గించలేదు. పొడి వేడిలో అమూల్యమైన అదనపు చెమట తడి గాలిలో కొంతవరకు వృథాగా కారిపోతుంది. 2019లో దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్ మహిళల మారథాన్‌ను వేడికి భయపడి అర్ధరాత్రి మొదలుపెట్టారు. 30 డిగ్రీలు దాటిన ఆ తేమ రాత్రిలో బయల్దేరిన 68 మందిలో 28 మంది చివరిదాకా రాలేకపోయారు. వాళ్లు ప్రపంచంలో అత్యుత్తములు, అందులో వేడిదేశాల వాళ్లూ ఉన్నారు.

మరొక మాట రన్నింగ్ గ్రూపుల్లో తరచుగా వినిపిస్తుంది. ఐదింటికి తేమ 90 శాతం ఉంటుంది, ఎనిమిదింటికి 70కి దిగుతుంది, కాబట్టి పొద్దెక్కాక పరుగెత్తడమే మేలని. ఇది సాపేక్ష ఆర్ద్రత సృష్టించే భ్రమ. ఆ శాతం గాలిలో ఉన్న నీటిని చెప్పదు, ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టగలిగిన దానిలో ఎన్నో వంతు ఉందో చెబుతుంది. ఎండెక్కే కొద్దీ గాలి పట్టగలిగేది పెరిగి శాతం తగ్గుతుంది. నీటి ఆవిరి దాదాపు అంతే ఉంటుంది. చెమటకి దొరికే ఊరట స్వల్పం, గాలి చల్లదనం మాత్రం పోతుంది, పైన ఎండ తోడవుతుంది. రన్నర్ చూడాల్సిన అంకె డ్యూ పాయింట్. గాలి ఎంతకి చల్లబడితే మంచు పట్టడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత అది. ఉదయమంతా పెద్దగా మారదు, గాలిలో నిజంగా ఉన్న నీటిని చెబుతుంది. పైన చెప్పుకున్న జనవరి గాలికి అది 11 డిగ్రీల దగ్గర, ఆగస్టు గాలికి 21 దాటి ఉంటుంది. వాతావరణ యాప్‌లు చాలావాటిలో ఇది ఉచితంగా దొరుకుతుంది, చూసేవాళ్లే తక్కువ.

అందరూ అదే గాలిలో పరుగెత్తారు కదా, టైమ్ వదిలేసి స్థానం చూసుకుంటే సరిపోదా అని అడగవచ్చు. ఇది బలమైన ప్రశ్న. స్థానం టైమ్ కంటే నమ్మదగ్గదే, కానీ గాలి అందరినీ సమానంగా తాకదు. 2007లో వెలువడిన అమెరికన్ అధ్యయనమొకటి ఏడు మారథాన్ల ఫలితాలు పరిశీలించి, వేడి పెరిగే కొద్దీ ముందున్నవాళ్ల కంటే వెనకున్నవాళ్లు ఎక్కువ నెమ్మదిస్తారని చూపింది. కారణాలు ఊహించదగ్గవే. మూడు గంటల మనిషి ఎండ ముదరకముందే ఇల్లు చేరతాడు, ఐదు గంటల మనిషి అందులోనే ఉంటాడు. గుంపు మధ్యలో పరుగెత్తేవాళ్లకి గాలి తక్కువ తగులుతుంది. భారీ శరీరానికి బరువుతో పోలిస్తే చర్మం తక్కువ. సరదా రన్నర్‌కి పడే జరిమానా ఛాంపియన్‌కి పడేదాని కంటే పెద్దది. విజేత టైమ్ చూపించి మనల్ని మనం తిట్టుకోవడం అందుకే న్యాయం కాదు.

నీళ్లు బాగా తాగితే ఇవన్నీ పోతాయన్నది ప్రమాదకరమైన నమ్మకం. నీరు చెమటకి ముడిసరుకు మాత్రమే, ఆరబెట్టే పని గాలిది. దాహానికి మించి తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్ ముగింపు దగ్గర 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం సాధారణ స్థాయి కంటే తక్కువగా తేలింది. పరుగులో బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ.

గట్టి మనసుంటే వేగం తగ్గదు, ఇదంతా సాకు అనేవాళ్లకి 2004లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఒక ప్రయోగం జవాబిస్తుంది. 35 డిగ్రీల్లోనూ 15 డిగ్రీల్లోనూ సైక్లిస్టుల చేత 20 కిలోమీటర్లు వీలైనంత వేగంగా తొక్కించారు. వేడిలో వాళ్ల శక్తి తగ్గడం శరీరం లోపల ఉష్ణోగ్రత తేడా రాకముందే మొదలైంది. మెదడు రాబోయే ప్రమాదాన్ని ముందే అంచనా వేసి కండరాలకి పని తగ్గించిందని పరిశోధకులు అర్థం చేసుకున్నారు. ఆగస్టులో కాళ్లు వెనక్కి లాగడం బలహీనత కాదు, రక్షణ. జనవరి పేస్‌ను మొండిగా ఆగస్టులో పట్టుకోవాలనుకోవడం ఆ రక్షణతో పోట్లాడటమే. వడదెబ్బతో కుప్పకూలడానికి మిట్టమధ్యాహ్నపు ఎండే అక్కర్లేదు.

గాలి ఒక్కటే కాదు, నేలా ఉంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలి వైపు వెళ్లే దారిలో ఫ్లైఓవర్లు, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తులు ఎదురవుతాయి. విశాఖ పరుగు సముద్రం పక్కన. ఇటలీ శరీరశాస్త్రవేత్త మినెట్టి బృందం 2002లో ప్రచురించిన సూత్రం ప్రకారం 5 శాతం వాలు ఎక్కడానికి సమతలం కంటే సుమారు 30 శాతం ఎక్కువ శక్తి కావాలి, అదే వాలు దిగేటప్పుడు 24 శాతమే తిరిగొస్తుంది. ఎక్కినంతా దిగినా లెక్క సరిపోదు. పైగా దిగేటప్పుడు తొడ కండరాలకి తగిలే దెబ్బ చివరి కిలోమీటర్లలో బయటపడుతుంది. ఇవేవీ లేకపోయినా ఒకే మనిషి టైమ్ పందేనికీ పందేనికీ ఒకటి నుంచి మూడు శాతం దాకా ఊగుతుందని పోటీ ఫలితాల విశ్లేషణలు చెబుతున్నాయి. 2 గంటల 10 నిమిషాల హాఫ్‌లో రెండు మూడు నిమిషాలు నిద్ర వల్ల, కడుపు వల్ల, అదృష్టం వల్ల కూడా మారతాయి. ఒక్క పందెంలో రెండు నిమిషాలు తగ్గాయని శిక్షణ పద్ధతినే మార్చేసుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

అయితే గడియారాన్ని పక్కన పడేయాలా? అక్కర్లేదు, పోలికను సరిచేసుకుంటే చాలు. ఆగస్టును నిరుటి ఆగస్టుతో పోల్చాలి, అదీ రెండు ఉదయాల డ్యూ పాయింట్ పక్కన రాసుకుని. సీజన్ మధ్యలో ప్రగతి తెలియాలంటే ఒకే దారిలో, ఒకే హార్ట్‌రేట్ దగ్గర, దగ్గరదగ్గర వాతావరణంలో ఎంత పేస్ వస్తోందో చూడాలి. వానాకాలపు సాధనను కిలోమీటరుకి ఇన్ని నిమిషాలని కాక శ్రమను బట్టి నడిపించాలి.

నిర్వాహకులు చేయగలిగిన పని ఒకటుంది. ట్రాక్ అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల ఫలితం పక్కన గాలి వేగం తప్పనిసరిగా అచ్చవుతుంది. వెనకనుంచి వీచే గాలి సెకనుకి 2 మీటర్లు దాటితే ఎంత గొప్ప టైమైనా రికార్డు కాదు. పది పన్నెండు సెకన్ల పరుగుకే గాలిని ఇంత నిక్కచ్చిగా లెక్కలోకి తీసుకునే ఆట, రెండు మూడు గంటలు తడి గాలిలో పరుగెత్తిన మనిషికి ఉత్త టైమ్ ముద్రించి పంపేయడం నాకు సమంజసంగా తోచదు. ఉష్ణోగ్రత, తేమ, ఎండ మూడింటినీ కలిపి చెప్పే వెట్ బల్బ్ గ్లోబ్ సూచిక 1950ల నుంచే ఉంది. అమెరికా మెరైన్ శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలు ఆపడానికి పుట్టింది. చేతిలో ఇమిడే పరికరంతో కొలవచ్చు. స్టార్ట్ దగ్గర ఒకసారి, ఆఖరి రన్నర్లు వచ్చే వేళకి మరోసారి కొలిచి, ఆ రెండు అంకెలనూ సర్టిఫికెట్ మీద చిప్ టైమ్ కిందే అచ్చువేస్తే చాలు.