నడిదారిలో ఆగు కారు

మాఘమాసము మొదలుకొని వేసవి ముదురు వఱకును గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల దారులు ఎడతెగని రాకపోకలతో నిండియుండును. కల్లములలో ఎండిన మిరపకాయలను టిక్కీల కెత్తి రైతులు గుంటూరు మిర్చి యార్డునకు తోలుదురు. పత్తి మూటలతో జిన్నింగు మిల్లులకు పోవు ట్రాక్టర్లు సగము దారి ఆక్రమించుకొనును. ఇక ఎండ సంగతి చెప్ప నక్కఱలేదు. రెంటచింతల పేరు వినగానే ఆంధ్రదేశమున ఎవరికైనను మొదట స్ఫురించునది అచ్చటి యెండయే గదా!

అట్టి ఎండలో చిలకలూరిపేట నుండి ఒంగోలునకు ఒక బాడుగ కారు పోవుచున్నదనుకొందము. లోపల ఒక రోగి యున్నాడు. జాతీయ రహదారిపై వేగముగా పోవుచుండగా ఇంజను చటుక్కున ఆగినది. ఇంజను ఆగినతోడనే స్టీరింగు బరువెక్కును; బ్రేకునకు తోడ్పడు బలము రెండు మూడు తొక్కుళ్లతో తీరిపోవును. వెనుక లారీలు తఱుముకొని వచ్చుచుండును. డ్రైవరు ఎట్లో బండిని దారి ప్రక్కకు చేర్చును. అరగంట గడచిన పిదప తాళము త్రిప్పగా, ఏమియు జరుగనట్లే ఇంజను మరల నడచును. మరునాటి ఉదయము షెడ్డునకు తీసికొనిపోయినచో, మేస్త్రీ ఎంత వెదకినను లోప మగపడదు.

మెకానిక్కులను మిక్కిలి చిక్కుపెట్టునది ఇట్టి రోగమే. ఊహను నమ్ముకొని ఒకనాడు పెట్రోలు పంపును, మఱియొకనాడు మఱియొక సామానును మార్చుచు పోయినచో, యజమాని కూడబెట్టిన నెలవాయిదా సొమ్ము షెడ్డు పాలగును. రోగము మాత్రము బండిలోనే యుండును.

అంబాసిడరు కార్లు తిరిగిన కాలమున ఇంజనునకు వలసిన పెట్రోలును కార్బురేటరు కొలిచి యిచ్చెడిది. మేస్త్రీ చెవి యొగ్గి ఇంజను చప్పుడు విని, ఒక మర అటో ఇటో త్రిప్పి సరిచేసెడివాడు. 1967వ సంవత్సరమున జర్మనీ దేశపు బాష్ కంపెనీ పెట్రోలును విద్యుత్పరికరముల అదుపులో చిమ్ము పద్ధతిని ఫోక్స్‌వాగన్ కార్లలో ప్రవేశపెట్టెను. మన దేశమున 2000వ సంవత్సరమున పొగ నియమములు కట్టుదిట్టము లైన తరువాత ఆ పద్ధతి వేగముగా వ్యాపించినది. 2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చుటతో అవి మఱింత కఠినములైనవి. ఇప్పుడు పెట్రోలు కొలత చేయునది ఇంజను కంప్యూటరు. దానికి కన్నులు లేవు, చెవులు లేవు. సెన్సర్లు చెప్పినదే దానికి లోకము. వేడిమిని, ఒత్తిడిని, కదలికను విద్యుత్సంకేతముగా మార్చి తెలుపు చిన్న పరికరమే సెన్సరు.

పరీక్ష మొదలుపెట్టుటకు ముందు మంచి మెకానిక్కు డ్రైవరును ఒక ప్రశ్న అడుగును: తాళము తీసివేసినట్లు ఇంజను ఒక్క క్షణమున ఆగినదా, లేక దగ్గినట్లు కుదుపు లిచ్చి, బలము తగ్గి, ఆ మీదట ఆగినదా? మొదటిదైనచో విద్యుత్తు వైపును, రెండవదైనచో పెట్రోలు వైపును ముందుగా చూచుట మంచిది. ఇది శాసనము కాదు. వెదకుటకు దారి మాత్రమే. మన కారు మొదటి విధముగా ఆగినది. అందుచే అనుమానము క్రాంకు సెన్సరుపై పడును.

ఇంజనులోని క్రాంకు షాఫ్టుతో పాటు ఒక పండ్ల చక్రము తిరుగుచుండును. పెక్కు కార్లలో దానిపై 60 పండ్లకు చోటుండును గాని, రెండు పండ్లు లేకుండ 58 మాత్రమే చెక్కుదురు. ఆ ఖాళీయే కంప్యూటరునకు గుర్తు. చక్రము చెంతనే సెన్సరు ఉండును. అందొక అయస్కాంతము, దాని చుట్టు వెండ్రుక వలె సన్నని రాగితీగె చుట్టయు ఉండును. ఒక్కొక్క పన్ను ఎదుటికి వచ్చి పోయినప్పుడెల్ల తీగెలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ స్పందనములను లెక్కించి, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టవలెనో, పెట్రోలు ఎప్పుడు చిమ్మవలెనో కంప్యూటరు నిర్ణయించును. స్పందనములు రాకున్నచో ఇంజను తిరుగుటలేదని తలచి, రెండింటిని ఆపివేయును.

ఈ రాగితీగె ఏండ్ల తరబడి ఇంజను వేడిమిలో కాగి ఎచ్చటనో చిట్లును. వేడెక్కినప్పుడు వ్యాకోచము వలన చిట్లినచోట ఎడమేర్పడును. చల్లారినప్పుడు కొనలు మరల తాకుకొనును. మిట్టమధ్యాహ్నము ఆగిన కారు అరగంటకు కదలుటలోను, మరునాటి ఉదయము లోపము కనబడకపోవుటలోను ఉన్న రహస్య మిదియే. చల్లారిన బండిని పరీక్షించుట జ్వరము విడిచిన పిదప రోగి నాడి చూచుట వంటిది.

కావున పరీక్ష వేడిలోనే జరుగవలెను. ఇంజను ఆగినప్పుడే స్కానరు తగిలించి, స్టార్టరుతో త్రిప్పుచు భ్రమణముల లెక్క చూడవలెను. సాధారణముగా నిమిషమునకు 200 భ్రమణముల ప్రాంతమున కనబడును. ఇంజను తిరుగుచున్నను తెరపై సున్నయే యున్నచో సంకేతము కంప్యూటరునకు చేరుట లేదన్నమాట. అప్పుడు తాళము తీసివేసి, సెన్సరు జోడిని ఊడదీసి, మల్టీమీటరుతో నిరోధమును కొలువవలెను. తీగెచుట్ట సెన్సర్లలో అది పెక్కింటికి కొన్ని వందల ఓములు మొదలు వేయి ఓముల ప్రాంతము వఱకు ఉండును. సరియైన అంకె తయారీదారుల పుస్తకమున దొరకును. వేడి సెన్సరు అనంతమైన నిరోధమును చూపి, చల్లారిన పిదప మామూలు అంకెకు దిగివచ్చినచో దొంగ దొరికినట్లే. షెడ్డులో నైనచో జుట్టు ఆరబెట్టు యంత్రముతో సెన్సరును వేడిచేసి ఈ పరీక్షనే చేయవచ్చును. అయితే హాల్ సెన్సరను వేఱొక జాతి కలదు. దానికి ఓముల కొలత పనికిరాదు. దానికి విద్యుత్తు అందుచున్నదా, ఎర్తు సరిగా నున్నదా, చక్రము తిరుగుచుండగా సంకేతము మాఱుచున్నదా అని చూడవలెను.

స్కానరు కొన్ని తప్పు సంఖ్యలను కూడ చూపును. వానిని చూచినతోడనే ఆ పేరుగల సెన్సరును కొని తెచ్చువారు పెక్కురు. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సరు ‘పెట్రోలు చాలదు, గాలి హెచ్చు’ అని తెలిపిన దనుకొనుడు. ఎండకు రబ్బరు గొట్టము పగిలి గాలి దొంగతనముగా లోనికి పోవుచున్నచో, సెన్సరు పలికినది సత్యమే గదా! దూతను చంపరాదని విభీషణుడు రావణునకు చెప్పిన నీతి షెడ్డులో కూడ పనికివచ్చును. ఈ సెన్సరు బాగుగా వేడెక్కిన పిదప దాని సంకేతము 0.1, 0.9 వోల్టుల నడుమ ఊగులాడుచుండును. తాత్కాలికముగా పెట్రోలు పాలు హెచ్చింపగా అంకె వెంటనే 0.9 దరికి ఎగబ్రాకినచో సెన్సరు సజీవమే; వెదకవలసినది గొట్టములను.

ఇంజను నీటి వేడిమిని తెలుపు సెన్సరు పరీక్ష మీరును గ్రహింపగలిగినంత సులభము. దాని నిరోధము వేడి హెచ్చినకొలది తగ్గును. వాడుకలోనున్న ఒక రకము 20 డిగ్రీలకడ సుమారు 2,500 ఓములును, 80 డిగ్రీలకడ సుమారు 300 ఓములును చూపును. గిన్నెలో నీరు కాచి, అందు సెన్సరు కొనను, ఉష్ణమాపకమును ముంచి చూచిన చాలును. అంతకన్న తేలికైన ఉపాయ మింకొకటి కలదు. రాత్రియంతయు నిలిచిన కారులో తెల్లవారగనే స్కానరు తగిలించినచో నీటి వేడి, గాలి వేడి రెండును ఇంచుమించు సమానముగా నుండవలెను. నీటి సెన్సరు తీగె తెగినచో స్కానరు తెరపై మైనస్ 40 డిగ్రీలు కనబడుట కలదు. పల్నాటి ఎండలో మంచుకొండ! కొన్ని కంప్యూటర్లు ఈ అబద్ధమును పసిగట్టును. పసిగట్టలేనివి పెట్రోలును మితిమీరి పోయించి ఇంజను నాపును.

పెక్కుమార్లు దోషము సెన్సరుది కాక తీగెలదై యుండును. కారు షెడ్డులో నిలిచియుండగా ఎలుకలు తీగెలపై తొడుగును కొఱికివేయును. చీరాల, బాపట్ల వైపున సముద్రపు గాలికి జోడులలో పచ్చని చిలుము పట్టును. ఎర్తు తీగెను బ్యాటరీ ఋణధ్రువముతో పోల్చి కొలిచినప్పుడు వోల్టులో పదవవంతునకు మించి తేడా కనబడినచో అనుమానింపవలెను. తీగె తొడుగును సూదితో పొడిచి కొలుచు అలవాటు కొందఱికి కలదు. అది మంచిది కాదు. ఆ రంధ్రము గుండ తేమ చేరి, నేటి పరీక్షయే రేపటి రోగమగును.

సెన్సరో, తీగెయో మార్చిన పిదప తప్పు సంఖ్యలను తుడిచివేసి, కారును మరల నడిపి చూడవలెను. షెడ్డు చుట్టు ఉదయపు చల్లదనమున నాలుగు చుట్లు త్రిప్పి అప్పగించుట చాలదు. ఎండ మండు వేళ, స్కానరు తగిలించియుంచి, కారు ఏ వేగమున ఆగెడిదో ఆ వేగముననే చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు పోవలెను. ప్రక్కన కూర్చున్నవాడు భ్రమణముల అంకెను కనిపెట్టి చూచుచుండవలెను. ఇంజను ఆగకున్నను, ఆ అంకె నడుమ నడుమ తటాలున సున్నకు పడి లేచుచున్నచో, పని ఇంకను మిగిలియున్నదన్నమాట.